చౌడు మన్ను, డంగు సున్నం

పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఊళ్లలో పాత వీధుల వెంట నడిస్తే ఇంకా కొన్ని మిద్దె ఇళ్లు కనిపిస్తాయి. వీధివైపు తిన్నె, దాని మీదికి వాలిన పంచ, లోపల పడసాల, ఇంకా లోపల ఆకాశం కనిపించే తొట్టి, వెనక వంటిల్లు, కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి. గోడలు ఒకటిన్నర నుంచి రెండడుగుల మందం. కింద మట్టి అడుసుతో పేర్చిన రాయి, పైన మన్ను. కొంచెం కలిగినవాళ్ల ఇళ్లయితే ఇటుక, గానుగలో నూరిన డంగు సున్నం. పుంగనూరు జమీందారుల కాలంలో ఊరు పెరిగినప్పుడు కట్టినవి కొన్ని, ఆ తర్వాత వ్యాపారం మీద బతికిన కుటుంబాలు కట్టుకున్నవి కొన్ని. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో ఇలాంటి పాత వీధిలోని చిన్న ఇంట్లోనే.

ఇలాంటి ఇల్లు వాటాకు వచ్చినవాళ్లకు ఊళ్లో దొరికే సలహాలు రెండు. పడగొట్టి పిల్లర్లు లేపమనేది మొదటిది. పడగొట్టేంత డబ్బు లేకపోతే గోడలకు సిమెంటు పూసి, మిద్దె మీద కాంక్రీటు పోసి ‘గట్టి’ చేసుకోమనేది రెండోది. మొదటి సలహా వల్ల పర్యావరణానికి నష్టమని ఇప్పుడు చాలామందికి తెలుసు. రెండోది అంతకంటే మోసపు సలహా. అది ఇంటిని కాపాడుతున్నట్టు కనిపిస్తూ చంపేస్తుంది. మన్నుతో, సున్నంతో కట్టిన ఇల్లు నీటినీ వేడినీ తనలోంచి సాగనంపుతూ నిలబడుతుంది. ఆ దారుల్ని మూసేసిన మరమ్మతు ఎంత ఖరీదైనదైనా ఇంటికి చేటే. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదే.

ముందు లెక్క

కుప్పానికి పొరుగునే ఉన్న బెంగళూరులో, భారత విజ్ఞాన సంస్థలో 1974లో ‘అస్త్ర’ అనే విభాగం మొదలైంది. పల్లెల అవసరాలకు తగ్గ సాంకేతికతను తయారుచేయడం దాని పని. ఆ సంస్థలో పనిచేసిన బి.వి. వెంకటరామరెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో ఒక లెక్క ప్రచురించారు. ఇల్లు కట్టడానికి వాడే సిమెంటు, ఇనుము, ఇటుకల తయారీకి, రవాణాకు ఎంత శక్తి ఖర్చవుతుందో చదరపు మీటరు చొప్పున లెక్కగట్టారు. కాంక్రీటు పిల్లర్లతో లేపిన అంతస్తుల భవనానికి 4.21 గిగాజౌళ్లు. పిల్లర్లు లేకుండా కాల్చిన ఇటుక గోడలే బరువు మోసే ఇంటికి 2.92. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి అచ్చుపోసిన, కాల్చని ఇటుకలతో కట్టిన ఇంటికి 1.61.

ఈ అంకెల్ని మన ఊరి ఇంటికి అన్వయించుకుందాం. వంద చదరపు మీటర్ల పాత ఇంటిని పడగొట్టి అంతే కొలతతో పిల్లర్ల ఇల్లు కడితే, అందులో కాపురం మొదలవకముందే 421 గిగాజౌళ్ల శక్తి కరిగిపోయినట్టు. బొగ్గు విద్యుత్ కేంద్రంలో దాదాపు మూడు పాళ్ల వేడికి ఒక పాలు కరెంటు వస్తుంది. ఆ లెక్కన నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబానికి ఇరవై ఏళ్లకు పైగా కరెంటు ఇవ్వడానికి పట్టే బొగ్గు ఇదంతా. కొత్త ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఐదు నక్షత్రాల ఫ్రిజ్ పెట్టి ఏడాదికి కొన్ని వందల యూనిట్లు ఆదా చేసినా ఆ అప్పు తీరడానికి ఒక తరం చాలదు. నిలబడి ఉన్న ఇంటి గోడల కోసం ఖర్చయిన శక్తి మన తాతల కాలంలోనే ఖర్చయిపోయింది. వాటిని వాడుకోవడానికి కొత్తగా ఏమీ కాల్చనక్కర్లేదు.

2021లో వాస్తుశిల్పంలో పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి ఫ్రాన్సుకు చెందిన ఆన్ లకటాన్, జాన్ ఫిలిప్ వసాల్ జంటకు దక్కింది. బోర్డో నగరంలో పాతబడిన 530 ఫ్లాట్లను వాళ్లు పడగొట్టలేదు. ఒక్క కుటుంబాన్నీ ఖాళీ చేయించకుండా, వెలుతురు గదులు జతచేసి బాగుచేశారు. ఉన్నదాన్ని ఉంచి బాగుచేయడమే గొప్ప నిర్మాణ విద్య అని ప్రపంచం ఒప్పుకుంటున్న కాలమిది. పుంగనూరు తిన్నె మీదికి ఆ మాట ఇంకా చేరలేదు.

వేడి నడిచే దారి

ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎత్తుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి, కింద మైదానంతో పోలిస్తే ఇక్కడ నాలుగైదు డిగ్రీలు తక్కువ. గాలిలో తేమ కూడా తక్కువ కావడంతో ఎండాకాలం రాత్రుళ్లు నేల తన వేడిని ఆకాశంలోకి తొందరగా వదిలేస్తుంది. పగటికీ రాత్రికీ మధ్య తేడా బాగా ఉంటుంది. మందపాటి గోడకు ఇంతకంటే అనువైన వాతావరణం లేదు.

ఎందుకో చూద్దాం. పగటి ఎండకు గోడ బయటి ముఖం వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఈ ఎగుడుదిగుడు గోడలోకి అలగా సాగుతుంది, సాగేకొద్దీ బలహీనపడుతుంది. మట్టి వేడిని నెమ్మదిగా పంపుతుంది, పైగా బోలెడంత వేడిని తనలోనే దాచుకుంటుంది. లెక్క వేస్తే ఒక అడుగు మందం మట్టిగోడలో ఈ అల అవతలికి చేరడానికి సుమారు పది గంటలు పడుతుంది. చేరేసరికి దాని ఉధృతి పదిహేనో వంతుకు పడిపోతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ లోపలికి తెలిసేది అర్ధరాత్రి, అదీ గోరువెచ్చగా. ఆ వేళకు బయట చల్లగా ఉంటుంది, తలుపు తీస్తే సరి. ఐదంగుళాల కాంక్రీటు స్లాబులో ఇదే అల మూడు గంటల్లో దిగుతుంది, ఉధృతిలో సగానికి కాస్త తక్కువ మిగిలే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి స్లాబు కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడేది రెండింటి ఎండే.

తొట్టి, గవాచి ఇందులో భాగమే. రాత్రి పైనుంచి చల్లటి గాలి బరువుగా తొట్టిలోకి దిగి, పడసాల నేల మీద పరుచుకుంటుంది. పగలు వేడెక్కిన గాలి పైకి లేచి గవాచి గుండా పోతుంది, దాని చోటులోకి వీధి తలుపు నుంచి కొత్త గాలి వస్తుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ వైద్యశాలను 1915 ప్రాంతంలో ఇక్కడ పెట్టడానికి ఈ పొడి గాలే కారణం. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని ఆ రోజుల్లో రోగికి దక్కే మందు గాలి, విశ్రాంతి, తిండి మాత్రమే.

ఇప్పుడు ఈ ఊళ్లలో జరుగుతున్నది తలకిందులు. కోతుల భయం, వాన జల్లు, దొంగల బెడద అని తొట్టి మీద ఇనుప రేకో, ప్లాస్టిక్ షీటో బిగిస్తున్నారు. గవాచి నోరు సిమెంటుతో మూసేస్తున్నారు. ఆ తర్వాత ఇల్లు ఉక్కపోస్తోందని ఏసీ పెడుతున్నారు. కోతుల బాధ నిజమే, కాదనను. దానికి తొట్టి మీద ఇనుప జాలి చాలు, గాలి ఆగదు. గవాచి మీద జానెడు ఎత్తున నాలుగు కాళ్ల మీద గాజు పలక నిలబెడితే వాన రాదు, వెలుతురు తగ్గదు, పక్కల నుంచి గాలి పోతూనే ఉంటుంది. ఇంటికి చేసే మరమ్మతుల్లో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత ఎక్కువ ఫలం ఇచ్చేది మరొకటి నాకు తెలియదు.

మిద్దె మీద చౌడు

రాయలసీమ మట్టి మిద్దెలో నాకు అన్నింటికంటే గొప్పగా తోచేది దాని పై పొర. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెపేళ్లో పలకరాళ్లో పరిచి, ఆకులో గడ్డో వేసి, మన్ను పోసి తొక్కి, చిట్టచివర చౌడు మన్ను పరుస్తారు. ఏ పొలంలో పంట రాదో ఆ పొలం మన్ను అది. తెల్లగా పొంగి, కాలు పెడితే పొడిపొడిగా ఉంటుంది. బట్టలుతకడానికి చాకళ్లు వాడింది కూడా దీన్నే. పంటకు పనికిరాని మన్ను కప్పుకు ఎందుకు పనికొచ్చింది?

బంకమట్టిలోని రేణువులు అతి పలుచని పలకలు. వాటి ముఖాల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మంచి పొలంలో ఆ పలకల మధ్య కాల్షియం అయాన్లు చేరి, రెండు ధనావేశాలతో వాటిని దగ్గరకు పట్టి ఉంచుతాయి. రేణువులు గుంపులుగా కట్టుకుంటాయి, గుంపుల మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోంచి నీళ్లు ఇంకుతాయి. చౌడులో కాల్షియం చోటును సోడియం ఆక్రమిస్తుంది. సోడియానికి ఒకటే ఆవేశం. పైగా తన చుట్టూ నీటి అణువుల్ని దండిగా చేర్చుకుంటుంది. దానికి పలకల్ని పట్టి ఉంచే శక్తి చాలదు. తడి తగలగానే పలకలు విడిపోతాయి, ఉబ్బుతాయి, సందుల్లో అడ్డంపడి పూడ్చేస్తాయి. పై అంగుళం తడిసేసరికి కింది అంగుళానికి నీటి దారి మూసుకుపోతుంది. పొలంలో వేరుకు నీరందకుండా చేసే గుణమే మిద్దె మీద ఇంట్లోకి చుక్క దిగకుండా చేస్తుంది. ఎండాకాలంలో వచ్చిన పగుళ్లు తొలకరి జల్లుకే ఉబ్బి కలుసుకుంటాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి గడ్డి మొలవదు, వేళ్లు కప్పును చీల్చవు.

చౌడు నేలను బాగుచేయడానికి రైతులు జిప్సం చల్లుతారు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసి ఆ చోటులో కూర్చుంటుంది, మన్ను మళ్లీ గుల్లబారుతుంది. మిద్దె బాగుచేసేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇక్కడే ఉంది. ‘బలానికి’ అని చౌడులో సున్నమో జిప్సమో కలిపితే, మనం కోరుకున్న గుణాన్ని మనమే పోగొట్టుకున్నట్టు. చౌడు పరిస్తే చౌడుగానే పరచాలి. సున్నపు గచ్చు వేయదలిస్తే చౌడంతా దించి వేరుగా వేయాలి.

చౌడుకు ఒక లోపం ఉంది. వాననీరు ఏటా కొంత సోడియాన్ని కడిగేస్తుంది, కొంత మన్నును తూములోంచి బయటికి తోస్తుంది. అందుకే వానలకు ముందు కొత్త చౌడు వేయడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీలోనే పెద్ద ప్రమాదం దాగి ఉంది. పాతది దించకుండా ఏటేటా కొత్తది వేస్తూ పోతే అరడుగు ఉండవలసిన మన్ను అడుగు దాటుతుంది. ఘనపు మీటరు మన్ను టన్నున్నరకు పైనే. అరడుగు పొర చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు తూగితే, అడుగు పొర అర టన్నుకు దగ్గరవుతుంది. పది అడుగులకు పదిహేను అడుగుల గది కప్పు మీద ఏడు టన్నులు. వానకు నానితే ఇంకా ఎక్కువ. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాల్లో కురిసిన భారీ వర్షాలకు మట్టి ఇళ్లు ఎన్నో కూలాయి. మట్టి ఇల్లంటే కూలేదే అని చాలామంది తీర్మానించుకున్నారు. కప్పు మీద పెరిగిన బరువును, కింద పుచ్చిన దంతెల్ని, గోడ మొదట్లో నిలిచిన నీటిని విడివిడిగా చూస్తే ఆ తీర్మానం నిలవదు. ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోని ఇళ్లు కూలాయి, వాటిలో ఎక్కువ బీదలవి.

కాబట్టి మిద్దె పని మొదలయ్యేది మన్ను దించడంతో. దించాక దంతెల కొసలు చూడాలి. కర్ర మధ్యలో సాధారణంగా చెడదు, గోడలోకి దిగిన కొసలో చెడుతుంది. కర్రను తినే బూజుకు కర్రలో తేమ ఇరవై శాతానికి పైగా ఉండాలి. ఈ ఊళ్ల పొడి గాలిలో విడిగా ఉన్న దంతె అంత తేమ పట్టదు. గోడ చెమ్మెక్కితేనే కొస తడుస్తుంది, తడిసిన కొసకే చెదలు ముందు చేరతాయి. దంతె మొత్తం మార్చనవసరం లేదు. చెడిన మేర కోసేసి, అదే జాతి పాత కర్రతో ఏటవాలు అతుకు వేసి, మేకుల బదులు కర్రచీలలు దిగ్గొట్టే వడ్రంగులు ఇంకా ఉన్నారు. పడగొట్టిన ఇళ్ల కర్ర మదనపల్లెలో పాత సామాను దుకాణాల్లో దొరుకుతుంది. కొసను గోడలో మళ్లీ అమర్చేటప్పుడు చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. సిమెంటుతో బిగిస్తే పదేళ్లకు మళ్లీ అదే పని.

గోడ ఎందుకు ఉప్పెక్కుతుంది

సన్నటి రంధ్రాల్లో నీరు దానంతటది పైకి ఎక్కుతుంది. రంధ్రం ఎంత సన్నమైతే అంత పైకి. వ్యాసార్ధం మిల్లీమీటరులో వందో వంతు ఉన్న రంధ్రంలో, లెక్క ప్రకారం ఒకటిన్నర మీటరు వరకు ఎక్కగలదు. మట్టిలో, ఇటుకలో అంతకంటే సన్నని రంధ్రాలూ ఉన్నాయి. మరి పాత గోడలు పైదాకా ఎందుకు తడవలేదు? కింద ఎక్కిన నీరు గోడ ముఖం మీద ఆరిపోతూ ఉంటుంది కాబట్టి. ఎక్కే నీరు, ఆరే నీరు సమానమైన చోట చెమ్మ ఆగుతుంది. మామూలుగా అది మోకాలెత్తుకో, నడుమెత్తుకో ఆగుతుంది.

ఇప్పుడు ఆ నడుమెత్తు మేర సిమెంటు పూస్తే ఏమవుతుంది? సిమెంటు పూత ఆవిరిని సరిగా పోనివ్వదు. ఆరే దారి మూసుకుంది కాబట్టి నీరు పూత లేని చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. నిరుడు మోకాలెత్తున ఉన్న చెమ్మ ఈ ఏడు ఛాతీ ఎత్తుకు వస్తుంది. ఇంటివాళ్లు సిమెంటు ఇంకో రెండడుగులు పైకి పూయిస్తారు. చెమ్మ దంతెల కొసల్ని చేరుకునేదాకా ఈ పోటీ నడుస్తుంది. నీటితోపాటు నేలలోని లవణాలు కూడా ఎక్కుతాయి. నీరు ఆరిన చోట అవి స్ఫటికాలు కట్టి, రంధ్రాల గోడల్ని లోపలి నుంచి చీలుస్తాయి. పూత వెనక మన్ను పొడిపొడిగా రాలుతుంటుంది, పైకి మాత్రం సిమెంటు నున్నగా మెరుస్తుంటుంది. వేలితో కొడితే బోలు శబ్దం వస్తుంది.

హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో మొదటి పెద్ద పనుల్లో ఒకటి ఇరవయ్యో శతాబ్దంలో ‘మరమ్మతు’ పేరుతో పూసిన సిమెంటును గీకేయడం. ఆ చోటులో మళ్లీ సున్నం పూశారు. సుల్తానుల సమాధికైనా పుంగనూరు పడసాలకైనా గోడలో నీరు నడిచే తీరు ఒకటే.

ఒక ముఖ్యమైన సంగతి. చెమ్మకు మూలం చాలాసార్లు ఇంట్లో ఉండదు, వీధిలో ఉంటుంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తూ పోవడంతో వీధి మట్టం తరానికి అడుగో రెండడుగులో పెరిగింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే తిన్నె ఇప్పుడు రోడ్డుకు సమానం. వీధి నీరు గోడ మొదట్లో నిలుస్తోంది. గోడకు ఏ పూత పూసేముందైనా, గోడ వెంట అడుగు వెడల్పున కందకం తీసి, కంకర నింపి, నీరు కాలువలోకి పోయేలా వాలు పెట్టాలి. ఒక వానాకాలం ఆగి చూడాలి. సగం ఇళ్లలో చెమ్మ దానంతటదే దిగిపోతుందని నా నమ్మకం. ఈ పనికి కావలసింది పార, ఓపిక, మునిసిపాలిటీ వాళ్లతో ఒక మాట.

సున్నం చేసే ప్రయాణం

సిమెంటు పేటెంటు పుట్టింది 1824లో, ఇంగ్లండులో. మన దేశంలో తయారీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోగానీ మొదలు కాలేదు. అంతకుముందు కట్టిన ఇటుక గోడల్లో మట్టి అడుసుతో కట్టనివాటిని పట్టి ఉంచింది సున్నమే.

వంద కిలోల సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే 44 కిలోల బొగ్గుపులుసు గాలి పోయి 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే సలసలా ఉడికి తడిసున్నం అవుతుంది. గోడ మీద పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. పూర్తిగా మారితే, పోయిన 44 కిలోలూ తిరిగి వస్తాయి. బట్టీలో కాల్చిన కట్టెల పొగ మాత్రం తిరిగి రాదు. అందుకని సున్నానికి కాలుష్యమే లేదని చెప్పడం సరికాదు. కిలోకు కిలో తూచితే బట్టీ దగ్గర అది సిమెంటు కంటే మెరుగేమీ కాదు. దాని మేలు వేరే చోట్ల ఉంది. సిమెంటుకు 1,450 డిగ్రీల వేడి కావాలి, సున్నానికి అంత అక్కర్లేదు. సున్నం గోడను ఆరనిస్తుంది. అన్నిటికంటే పెద్దది, సున్నంతో కట్టిన ఇటుకను గోడ విప్పి, గీకి, మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టిన గోడను విప్పబోతే ఇటుక ముందు విరుగుతుంది. ప్రపంచం ఏటా వదిలే బొగ్గుపులుసు గాలిలో ఏడెనిమిది శాతం సిమెంటు పరిశ్రమదే అయిన కాలంలో, రెండోసారి వాడుకోగల ప్రతి ఇటుకా లెక్కలోకి వస్తుంది.

డంగులో ఎద్దుల చేత గానుగరాయి తిప్పించి, ఇసుకతో కలిపి నూరిన సున్నానికి సాటి లేదు. నూరేకొద్దీ రేణువులు సన్నమై ఇసుకను గట్టిగా పట్టుకుంటాయి. ఇప్పుడు మోటారుతో తిరిగే గానుగలు ఉన్నాయి. ఇసుక కోసం ఏట్లను తవ్వనక్కర్లేదు. గ్రానైట్‌కు పేరున్న కుప్పం చుట్టుపక్కల క్రషర్ల దగ్గర కుప్పలుగా పడి ఉన్న రాతిపొడిని జల్లించి, కడిగి వాడుకోవచ్చు. తడి తగిలే చోట పాత ఇటుకల పొడి, అదే సుర్కీ, కలిపితే అందులోని సిలికా సున్నంతో కలిసి నీటిలోనూ గట్టిపడే గుణం ఇస్తుంది. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదతో చేసింది ఇదే.

సున్నంతో వేసే మద్రాసు మిద్దె గచ్చులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు పోసి ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. బెల్లంలోని చక్కెర నీటిలో సున్నం ఎక్కువగా కరిగేలా చేస్తుంది, కొట్టినకొద్దీ లోపలి గాలి పోయి గచ్చు దట్టమవుతుంది. ఒక హెచ్చరిక: ఈ కిటుకు విని సిమెంటులో బెల్లం పోయకండి. చక్కెర సిమెంటు గట్టిపడడాన్ని ఆపేస్తుంది. సున్నానికి మేలుచేసేది సిమెంటుకు విషం.

సున్నంతో పనిచేసేవాళ్లకు కావలసింది నిదానం. సున్నం బొగ్గుపులుసు గాలిని పీల్చుకోవడం పైపొర నుంచి మెల్లగా లోపలికి సాగుతుంది, దానికి కాస్త తడి ఉండాలి. అందుకే పూత అర అంగుళానికి మించకుండా పొరలు పొరలుగా వేసి, వారం పదిరోజులు గోనెపట్టాలు కట్టి తడుపుతారు. మండే ఎండలో వేస్తే ఆరిపోయి రాలుతుంది, జోరువానలో వేస్తే కొట్టుకుపోతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వానా పడే ఈ ఊళ్లలో సంక్రాంతి తర్వాత ఉగాది లోపు పూత పనికి తగిన కాలం. సిమెంటుకు అలవాటుపడిన బేల్దార్లు ‘ఇంకా పచ్చిగా ఉందే’ అని తొందరపడతారు. వాళ్లను తప్పుపట్టలేం, రోజు కూలీ మీద బతికేవాళ్లకు నిదానం నష్టం. ఆ నష్టాన్ని భరించవలసింది ఇల్లుగలవాళ్లు.

లోపలి మట్టి గోడలకు సున్నం కూడా అవసరం లేదు. బంకమన్ను, ఇసుక, ఉనక, పేడ కలిపి నాననిచ్చి మెత్తితే చాలు. పేడలోని సన్నని పీచు పగుళ్లను ఆపుతుంది. బుర్కినా ఫాసోలో వాడే పేడ కలిపిన మట్టి ఇటుకల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, పేడలోని పదార్థాలు బంకమట్టితో చర్య జరిపి నీటిలో కరగని పదార్థంగా మారుతున్నాయని కనుగొన్నారు. పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరులో పేడకు కొదవ ఉండకూడదు. పైన సున్నం కొడితే దాని క్షారత వల్ల బూజు, పురుగు నిలవవు. ప్లాస్టిక్ ఎమల్షన్ మాత్రం వద్దు. అది పలుచని సిమెంటు పూతే.

కరెంటు, నీళ్లు

ఆధునిక వసతుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక్క బరువు సంగతి తప్ప. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు టన్ను బరువు, అదీ చదరపు మీటరు చోటులో. దాన్ని దంతెల మధ్య పెట్టకూడదు. రెండు గోడల మీదుగా రాతి కూసాలు వేసి వాటి మీద నిలపాలి, లేదా పెరట్లో విడిగా దిమ్మె కట్టాలి. సౌర పలకలు చదరపు మీటరుకు పదిహేను కిలోల లోపే, అరడుగు మన్ను దించిన మిద్దెకు అదొక బరువే కాదు. చట్రం కాళ్లు గోడల మీదికి రావాలి, అంతే. 2025 జనవరిలో కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇంటింటికీ సౌర పలకలు పెట్టే పథకం మొదలైంది. పాత మిద్దెలకు అది అందరానిదేమీ కాదు.

వాన సంగతి చూస్తే, వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదిలో 700 మిల్లీమీటర్లు పడి, అందులో ఎనభై శాతం పట్టగలిగితే 56,000 లీటర్లు. బోర్లు వెయ్యి అడుగులు దాటిన మదనపల్లె ప్రాంతంలో ఇది చిన్న సంఖ్య కాదు. అయితే చౌడు మిద్దె నీరు ఉప్పగా, మన్నుగా ఉంటుంది. తాగడానికి, తోటకు పనికిరాదు. సున్నపు గచ్చు వేసిన భాగం నీటినే నిల్వ తొట్టెలోకి మళ్లించాలి, చౌడు భాగం నీటిని వీధి కాలువకు వదలాలి. ఇంట్లో బావి పూడ్చేసి ఉంటే దాన్ని తెరిచి, మొదటి వాన పోనిచ్చి తర్వాతి నీటిని అందులోకి దించడం అన్నిటికంటే సులువు.

నిలబెట్టలేని ఇల్లు

ప్రతి పాత ఇల్లూ నిలబడదు. గోడ నిట్టనిలువు నుంచి తన మందంలో మూడో వంతుకు మించి ఒరిగితే, పునాది రాళ్లు కుంగి పగులు నేల నుంచి కప్పుదాకా బొటనవేలు పట్టేంత తెరుచుకుంటే, అందులో పిల్లల్ని పడుకోబెట్టకూడదు. ఇంజినీరును పిలిచి చూపించి, ఆయన వద్దంటే దించేయాలి. మనుషుల ప్రాణం ముందు కార్బన్ లెక్కలు నిలవవు.

దించే తీరులో మాత్రం తేడా ఉంది. జేసీబీ ఒక పూటలో అంతా కలగలిపి కుప్ప చేస్తుంది, ఆ కుప్ప ఊరి చెరువు గట్టునో వంకలోనో తేలుతుంది. నిర్మాణ వ్యర్థాల మీద కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం వాటిని వేరుచేసి, చెప్పిన చోటికి చేర్చాలి. చిన్న ఊళ్లలో అడిగేవాళ్లు తక్కువ. బేల్దార్లు, వడ్రంగి కలిసి పదిహేను రోజులు విప్పితే దూలాలు, దంతెలు, గడపలు, కడప బండలు, పునాది రాళ్లు, సున్నపు ఇటుకలు విడివిడిగా దిగుతాయి. ఊళ్లో మరో మిద్దెకు అతుకు వేయాలంటే కావలసిన పాత కర్ర ఇందులోంచే వస్తుంది. మిగిలేది మన్ను. సిమెంటు కలవని గోడ మన్నును నానబెట్టి, కొత్త ఉనక చల్లి, రెండు రోజులు తొక్కితే అది మళ్లీ గోడకు పనికొస్తుంది. చౌడును మాత్రం వేరుగా పోగుచేసి పక్కింటి మిద్దెకు ఇవ్వాలి, పెరట్లో పోస్తే మొక్క బతకదు.